నెవ్ క్విల్టీకి దక్కని దెబ్బ

అరవై దాటిన మనిషిని గెరాంగ్ సైకిలు పందెంలో ఆఖరి గుంపున నిలబెట్టడం హత్యాప్రయత్నం కిందికే వస్తుందని ఐరిస్ క్విల్టీ పోలీసు స్టేషనుకు వెళ్ళి మరీ చెప్పింది. సార్జంటు నవ్వాడు. ఐరిస్ నవ్వలేదు. ఆ పందెంలో నీరసపువాళ్ళను ముందు వదులుతారు, కాస్త గట్టివాళ్ళను తరవాత, మొనగాళ్ళను అందరికన్నా ఆఖరున. ఎవరిని ఎప్పుడు వదలాలో తేల్చేది ఒకే ఒక్క మనిషి. అతని పేరు రోహన్ పెటిఫర్. ఎడమకాలు మోకాలి దగ్గర కర్రలా బిగుసుకుపోయిన మనిషి. అతను ఐరిస్ మొగుడు నెవ్‌ను ప్రతి ఏడూ ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళ పక్కన ఆఖరున నిలబెట్టేవాడు. మొదటి ఎత్తు దగ్గరే కుర్రాళ్ళు అతన్ని వదిలేసి పోయేవాళ్ళు. ఆ తరవాత పచ్చిక పొలాల మధ్య, ఎదురుగాలిలో, పాల లారీలు చిమ్మే గులకరాళ్ళు మొహాన తింటూ, గుడ్లు పెట్టే కాలంలో మనిషి కనబడితే చాలు నెత్తి పొడిచే మాగ్‌పై పిట్టలకు నెత్తురు సమర్పించుకుంటూ, నెవ్ ఒక్కడే ఈడ్చుకుంటూ వచ్చేవాడు. అతను చేరేసరికి హాల్లో టీ అయిపోయేది. కప్పులు కడిగి బోర్లించేసేవాళ్ళు.

"ఆ కుంటి పీనుగ నిన్ను పాతిపెట్టేదాకా నిద్రపోడు," అనేది ఐరిస్, అతని నెత్తిమీది గాటుకు మందు రాస్తూ.

"వాడిష్టం," అనేవాడు నెవ్.

"వాడిష్టమేంటి? నోరు లేదా నీకు? నన్ను రెండు గుంపులు ముందు నిలబెట్టరా అని అడగలేవూ?"

నెవ్ అడిగేవాడు కాదు. రోహన్ తనను శిక్షిస్తున్నాడని ఊరంతా అనుకుంది. అసలు శిక్ష ఇంకా రానే లేదని నెవ్ ఒక్కడికే తెలుసు. అతనికి రావలసింది ఒక దెబ్బ. రోహన్ చేతి మీదుగా, మూతి పగిలేట్టు, ఒకే ఒక్క దెబ్బ. దానికోసమే అతను ఏటేటా నల్ల లాగు తొడుక్కుని, రోహన్ కళ్ళెదుట నిలబడటానికి వెళ్ళేవాడు. అది దక్కకుండానే పోతానేమోనన్న భయం తప్ప అతనికి చావంటే వేరే భయం లేదు.

నెవ్ మీసాలు రాకముందే కబేళాలో చేరాడు. గొర్రె మెడ వెనక్కి విరిచి ఒక్క కోతతో ముగించడం అతని పని. పొద్దున మోచేతులదాకా నెత్తురు, మధ్యాహ్నానికి బూట్లలో నెత్తురు, సాయంత్రం సైకిలెక్కితే గోళ్ళ సందుల్లో ఎండిన నెత్తురు. సైకిలు తొక్కితే మనసుకు ప్రశాంతంగా ఉంటుందని చెప్పే డాక్టర్లున్నారు. వాళ్ళను పట్టుకొచ్చి ఒక్కపూట ఆఖరి గుంపులో కూర్చోబెడితే తిక్క కుదురుతుంది.

ఆ గుంపుకు చట్టం ఒక్కటే. ఒకడి వెనక ఒకడు తొక్కుతారు. ముందున్నవాడు గాలిని రొమ్ముమీద కాస్తాడు, ఊపిరి అందనప్పుడు పక్కకు తప్పుకుని వెనక్కి జారతాడు, రెండోవాడు ముందుకొస్తాడు. దాన్నే వంతు లాగడం అంటారు. అందరూ వంతు లాగితేనే ముందు బయల్దేరినవాళ్ళు దొరుకుతారు. తోక పట్టుకుని దాక్కుని, చివర్లో దూకి గెలిచేవాడు మా ఊళ్ళో దొంగకన్నా హీనం. వాణ్ణి మోచేత్తో ఒక్కటిచ్చి రోడ్డు దింపుతారు. మా రోడ్ల పక్కన లారీ పట్టేంత వెడల్పున గులకనేల ఉంటుంది, అవతల గడ్డి. వాడు పడతాడు, తోలు లేస్తుంది, అమ్మనాబూతులు తిడుతూ లేస్తాడు. అక్కడ దొరక్కుండా గట్టెక్కినవాడికి పందెం అయ్యాక హాలు వెనక మూతిమీద పడుతుంది. కొట్టినవాడే టీ పోసి, కేకుముక్క కోసి చేతిలో పెడతాడు. పడేసినవాడు మరీ గట్టిగా పడేస్తే అతనూ వచ్చి మూతి అప్పగించాల్సిందే. టీ తాగాక ఆ మాట ఎవరూ మళ్ళీ ఎత్తకూడదు. తాగకపోతే మాత్రం ఆ వ్యవహారం తెగనట్టే.

పదిహేడో ఏట నెవ్ ఆ దొంగతనం చేశాడు. వెనకెనకే దాక్కుని, ఆఖర్న పామల్లే బయటికొచ్చి గెలిచాడు. గుర్రాలకు లాడాలు కొట్టే మాడిగన్ అనే ముసలాయన అప్పట్లో ఆ గుంపుకు పెద్ద. అతను నెవ్ భుజం మీద చెయ్యేసి హాలు వెనక్కి తీసుకెళ్ళాడు.

"హాయిగా ఉందిరా గెలిస్తే?" అన్నాడు.

"ఉండదా మరి?" అన్నాడు నెవ్, ఇకిలిస్తూ.

ఆ ఇకిలింపు మీదే పడింది పిడికిలి. నెవ్ తేరుకునేసరికి గడ్డిలో వెల్లకిలా ఉన్నాడు, ముందుపన్ను పక్కనే పడి ఉంది. మాడిగన్ లోపలికెళ్ళి కప్పు పట్టుకొచ్చాడు.

"ఊఁ, పట్టుకో. పగిలిన వైపు పెట్టకు, మంట పుడుతుంది."

"పన్ను ఊడగొట్టావు కదా ముసలోడా!"

"ఒకటేగా. ఇంకా బోలెడున్నాయి, ఒళ్ళు దగ్గర పెట్టుకుని వాడుకో."

నెవ్ ఆ టీని నెత్తురుతో కలిపి తాగాడు. తాగుతుంటే గుండెలమీంచి ఏదో దించేసినట్టు తేలికైంది. మర్నాటినుంచి మాడిగన్ అతన్ని కన్నకొడుకులా చూసుకున్నాడు. ఆ తేలికదనాన్ని నెవ్ జన్మలో మరచిపోలేదు. అతని ఖర్మ కూడా అదే.

అప్పట్లో మావాళ్ళు బెల్జియం వెళ్ళి పెద్ద పందేల్లో తొక్కుతామంటే నవ్వేవాళ్ళు. ఇప్పుడు ఫ్రాన్సు పందెంలో అందరికన్నా ముందున్నవాడికిచ్చే పసుపు చొక్కా మా కుర్రాడు వేసుకుంటే పబ్బులో బల్లలెక్కి అరుస్తున్నారు గాని, ఆ రోజుల్లో మావాళ్ళను అక్కడ చూసేవాడు లేడు. నెవ్ గెంట్ నగరంలో ఒక మాంసం కొట్టుమీది అటకలో ఉండేవాడు. కింద పందుల్ని నరికిపెట్టినందుకు పైన మంచం. పందెంలో కనబడితే చాలు, అక్కడివాళ్ళు మా దేశపు జంతువు పేరు పెట్టి కంగారూ అని గంతులేసి చూపించేవాళ్ళు. మలుపులో కడుపులో మోచెయ్యి దింపేవాళ్ళు, గాలికొట్టే పంపు పీకి వేళ్ళకణుపుల మీద బాదేవాళ్ళు. నెవ్ తినాల్సిందంతా తిని, తిన్నదానికి ఒకటి ఎక్కువే తిరిగిచ్చేవాడు.

మూడో ఏడు అతని అటకలోకి రోహన్ పెటిఫర్ వచ్చాడు. అదే గెరాంగ్ ఊరి పాడి రైతు కొడుకు, ఇరవై ఏళ్ళవాడు. గాలికి బరువుందని తెలియనట్టు తొక్కేవాడు. మొదటి వారమే రాళ్ళరోడ్డు మీద పడి గడ్డం చీల్చుకొస్తే, నెవ్ కొట్లో మాంసం చుట్టలు కట్టే దారంతోనే కుట్టేశాడు.

"నేనేమన్నా గొర్రెనా నెవ్?" అని ఏడ్చాడు రోహన్, బల్ల అంచు పట్టుకుని.

"గొర్రె ఇంత గోల చెయ్యదురా. కదలకు."

ఆ పూటనుంచి ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు. నెవ్‌కు తోబుట్టువులు లేరు. ఆ కుర్రాడంటే అతనికి ప్రాణం. ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను, తరవాత జరిగింది చదివి ద్వేషమనుకునేరు.

ఆ ఏడు శరత్కాలంలో అషీల్ అనే లావుపాటి మనిషి మాంసం కొట్టులోకి వచ్చాడు. జీతాలిచ్చి తొక్కించే జట్టు ఒకటి అతని చేతిలో ఉంది. "వచ్చే ఏడుకి ఒక కంగారూ కావాలి," అన్నాడు. "ఒక్కడే. ఆదివారం ఓస్ట్‌వెల్డె జాతర పందెంలో మీ ఇద్దర్నీ చూస్తాను." రోహన్ ఎగిరి గంతేశాడు. నెవ్ గంతెయ్యలేదు. అతనికి ఇరవయ్యారు నిండాయి. ఇది పోతే మళ్ళీ కబేళా, మళ్ళీ గొర్రె మెడ, చచ్చేదాకా అదే. రోహన్‌కి ఇంకా పదేళ్ళ కాలం ముందుంది, తనకు ఆ ఆదివారం తప్ప ఏమీ లేదు.

ఓస్ట్‌వెల్డె స్టాఫ్ అనేవాడి సొంత ఊరు. స్టాఫ్ అప్పటికే అషీల్ జట్టులో ఉన్నవాడు, కొత్తగా పెళ్ళయినవాడు, ఎద్దులాంటివాడు. పందేనికి ముందు ఇద్దర్నీ కాఫీ హోటలు గోడవారకు పిలిచాడు.

"ఇవాళ నేను గెలవాలి. నా ఊరు, నా పెళ్ళాం చూస్తుంటుంది. నాకు సాయపడినవాడి పేరు అషీల్ చెవిలో వేస్తాను."

"మా దగ్గర వంతు లాగినవాళ్ళలో గట్టోడు గెలుస్తాడు," అన్నాడు నెవ్.

"ఇది మీ దగ్గర కాదుగా, కంగారూ."

నెవ్ ఉమ్మేసి వెళ్ళిపోయాడు. రోహన్ ఏమీ అనలేదు. అనకపోవడాన్ని నెవ్ పట్టించుకోలేదు. తన ఊరివాడు, తన చట్టంలో పెరిగినవాడు, అడగాల్సిన పనేముంది అనుకున్నాడు.

వాన మొదలైంది. తడిసిన రాళ్ళమీద మనుషులు కుప్పలుకుప్పలుగా కూలారు. ఒకడి చెంప ఇనప చువ్వకు గుచ్చుకుంది, ఒకడు విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని రోడ్డు మధ్యలో కూర్చుని తల్లిని పిలిచాడు. చూసేవాళ్ళు బీరు తాగుతూ చప్పట్లు కొట్టారు. చివరికి ముందు ముగ్గురే మిగిలారు. నెవ్, స్టాఫ్, రోహన్.

నెవ్ గాలిని కాస్తున్నాడు. స్టాఫ్ వంతుకొచ్చినట్టే వచ్చి జారిపోతున్నాడు, జారిపోతూ పంపుతో నెవ్ వేళ్ళమీద కొడుతున్నాడు. రెండు గోళ్ళు లేచిపోయాయి. అదేమీ నెవ్‌ని బాధపెట్టలేదు. పరాయివాడు, వాడి పద్ధతి వాడిది. కాని రోహన్ అసలు ముందుకే రావడం లేదు.

"రోహన్! వంతుకి రా!"

"నా వల్ల కావట్లేదు నెవ్, కాళ్ళు చచ్చిపోయాయి."

నెవ్ వెనక్కి తిరిగి చూశాడు. అలిసిన ప్రాణి ఏదో, అలిసిపోనిది ఏదో అతనికి ఒకరు చెప్పాలా? రోహన్ నోరు మూసుకుని ముక్కుతో తీరిగ్గా ఊపిరి తీస్తున్నాడు.

"ఎవడికి చెప్తావురా? నోరు కూడా తెరవలేదు నువ్వు!"

రోహన్ కళ్ళు దించుకున్నాడు. "ఇక్కడ ఇంతే నెవ్. స్టాఫ్ గెలుస్తాడు, నాకు సీటొస్తుంది. నువ్వు వచ్చే ఏడు చూసుకో."

"వచ్చే ఏడు నాకు లేదురా!"

"అది నా తప్పా?"

నెవ్ కళ్ళకు వాన కనబడలేదు, రోడ్డు కనబడలేదు. మాడిగన్ తనకు నేర్పిందే కనబడింది. వంతు ఎగ్గొట్టిన పరాయివాణ్ణి వదిలెయ్యొచ్చు, తనవాణ్ణి వదలకూడదు. అతను కాస్త వెనక్కి జారి, రోహన్ పక్కకొచ్చి, భుజం దించి, మోచేత్తో డొక్కలో ఒక్కటిచ్చాడు. మా రోడ్డు మీదయితే అది సరిగ్గా కొలిచి కొట్టిన దెబ్బ. రోహన్ గులకలో దొర్లి, గడ్డిలో ఆగి, తిడుతూ లేచేవాడు. ఓస్ట్‌వెల్డె రోడ్డు పక్కన గులక లేదు. జానెడు గట్టు, ఆ వెంటనే పొలం కంచె తాలూకు కాంక్రీటు స్తంభాలు. మూడేళ్ళుగా ఆ స్తంభాల పక్కనే తొక్కుతున్నాడు నెవ్. అతని కళ్ళకు అవి తెలుసు, మోచేతికి తెలియలేదు.

వెనక ఒక చప్పుడైంది. ఎముక విరిగే చప్పుడు నెవ్‌కు కొత్తది కాదు, బతుకంతా విన్నదే. అయినా సైకిలు విరిగిందని తనకు తాను చెప్పుకుని, తిరిగి చూడకుండా తొక్కాడు.

చర్చి మలుపులో స్టాఫ్ అతని చొక్కా పట్టి గుంజాడు. నెవ్ పిడికిలి తిప్పి ముక్కుమీద కొట్టాడు. ముక్కు చితికి ఇద్దరిమీదా నెత్తురు పడింది. స్టాఫ్ తలతో గుద్దాడు, నెవ్ కనుబొమ చీలింది. ఒక కన్ను మూసుకుపోయి, రెండో కంట్లో వాననీళ్ళతో, నెవ్ గీత దాటాడు. దాటీ దాటగానే ఊరు మీద పడింది. ఎవడో డొక్కలో తన్నాడు, ఎవడో జుట్టు పట్టి రాళ్ళకేసి కొట్టాడు. స్టాఫ్ కొత్త పెళ్ళాం బీరుగ్లాసు అతని చెవిమీద పగలగొట్టింది. అషీల్ జనాన్ని చీల్చుకుని వచ్చి, అతన్ని రెండు చంకల కింద పట్టి హోటల్లోకి ఈడ్చుకెళ్ళాడు.

"మా జట్టుకి ఇలాంటి పశువే కావాలి," అన్నాడు, నవ్వుతూ. "పెట్టు సంతకం."

నెవ్ గోళ్ళు లేచిన చేత్తోనే పెట్టాడు. కాగితం మీద నెత్తురంటింది. తరవాత వేడినీళ్ళు అడిగి, ఇంటినుంచి తెచ్చుకున్న డబ్బాలోని ఆకు వేసి టీ కాచాడు. అమ్మ పంపిన కిస్‌మిస్ కేకు ఒక ముక్క కోసి పక్కన పెట్టాడు. పడేసింది తనే కాబట్టి టీ పొయ్యాల్సిందీ తనే. రోహన్ మోచేతులు గీక్కుపోయి, ఒళ్ళంతా బురదై, బూతులు తిడుతూ వస్తాడు. మూతిమీద ఒకటిస్తే తింటాను, తరవాత ఇద్దరం తాగుదాం అనుకుంటూ తలుపువైపు చూస్తూ కూర్చున్నాడు. టీ మీద మీగడ కట్టింది. హోటలావిడ వచ్చి, మీ పిల్లాణ్ణి అంబులెన్సులో తీసుకెళ్ళారయ్యా, కాలు చూడలేకపోయాం అంది.

మోకాలు పిండైపోయింది. ఆస్పత్రిలో నెవ్ ఫ్లాస్కులో టీ, కాగితంలో కేకు పట్టుకుని మంచం పక్కన నిలబడ్డాడు. మొహం వంచి రోహన్ చేతికి అందేలా పెట్టాడు.

"నువ్వు వంతు ఎగ్గొట్టావు, పడేశాను. అంతవరకు న్యాయమే. కాని ఇంత చెయ్యాలనుకోలేదురా. నాకు పడాలి. కొట్టు."

రోహన్ చెయ్యెత్తలేదు. "సంతకం పెట్టావా?"

"పెట్టాను."

"అయితే పోయి తొక్కుకో," అని గోడవైపు తిరిగాడు. టీ ముట్టుకోలేదు.

నెవ్ తొక్కాడు. ముప్ఫయ్యైదు దాటేదాకా ఆ జట్టుకు ఎద్దులా గాలి కాశాడు. అతని వెనక మావాళ్ళు ఒకరి తరవాత ఒకరు వచ్చారు, జట్లకు నాయకులయ్యారు, గెలిచి పూలగుత్తులు పట్టుకున్నారు. కంగారూ గంతులు ఆగిపోయాయి. నెవ్ మాత్రం మళ్ళీ ఒక్క పందెం గెలవలేదు. గీత దగ్గరకొచ్చేసరికి అతని వీపు వెనక ఆ చప్పుడు వినబడేది, కాళ్ళు వాటంతటవే ఆగిపోయేవి.

గెరాంగ్ తిరిగొచ్చి మళ్ళీ కబేళాలో చేరాడు, ఐరిస్‌ను పెళ్ళాడాడు. రోహన్ అప్పటికే పందేనికి పెద్ద. మొదటి ఏడే, "నెవ్ క్విల్టీ, ఆఖరి గుంపు," అని చదివాడు. అప్పట్లో అది గౌరవమే. యాభై దాటాక క్రూరత్వమైంది. అరవై దాటాక ఊరు తల దించుకుంది. నెవ్ ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేక ఒకసారి పబ్బులో కావాలని రోహన్ ఒళ్ళో బీరు ఒంపాడు. కొడతాడేమోనని రెండు చేతులూ కిందికి వదిలేసి నిలబడ్డాడు. రోహన్ జేబురుమాలుతో తుడుచుకుని, "గ్లాసు జాగ్రత్త నెవ్," అని బయటికి నడిచాడు. ఆ పూట నెవ్ ఇంటికెళ్ళి గోడకేసి తన పిడికిలి తనే పగలగొట్టుకున్నాడు.

కిందటి వసంతంలో, ఎప్పట్లాగే అందరూ హాలు ముందు చేరారు. రోహన్ చేతికర్ర మీద వాలి పేర్లు పిలవడం మొదలుపెట్టాడు.

"మొదటి గుంపు. నెవ్ క్విల్టీ."

ముసలాళ్ళు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు అతనికి చోటిస్తూ జరిగారు. వెనకనుంచి ఐరిస్ హమ్మయ్య అంది. నెవ్ మొహం పాలిపోయింది. అతను సైకిలు అక్కడే పడేసి, జనాన్ని తోసుకుంటూ వెళ్ళి రోహన్ కాలరు పట్టుకున్నాడు.

"ఏంట్రా ఇది? జాలా?"

"చొక్కా వదులు."

"నన్ను నా గుంపులో పెట్టు! ఇన్నేళ్ళు నన్ను చంపుకుతిని, ఇవాళ ఊరందరి ముందు క్షమించేసి పోదామనుకున్నావా? నువ్వు నాకు ఇవ్వాల్సింది ఇది కాదురా! నువ్వు నాకు..."

మాట పూర్తి కాలేదు. రోహన్ కర్ర కింద పడేశాడు. బిగుసుకున్న కాలిమీద బరువు మోపి, నడుము తిప్పి, పాలడబ్బాలు మోసి మోసి ఇనుమైన ఆ చేత్తో నెవ్ మూతిమీద కొట్టాడు. ఎముక చప్పుడు అందరికీ వినబడింది. నెవ్ గులకలో వెల్లకిలా పడ్డాడు. కర్ర లేక రోహన్ కూడా అతని పక్కనే కూలాడు. ఐరిస్ కేక పెట్టి పరిగెత్తబోతే, ఆఖరి గుంపులో ఒకడు ఆమె చెయ్యి పట్టి ఆపాడు.

నెవ్ నోట్లోంచి నెత్తురూ, ఒక పన్నూ ఉమ్మేశాడు.

"ఇన్నాళ్ళెందుకు ఆగావురా?" అన్నాడు. మాట ముద్దముద్దగా వచ్చింది.

"కొడితే నీకు హాయని తెలుసు. ఆ హాయి నీకెందుకివ్వాలి అనుకున్నాను." రోహన్ చితికిన కణుపులు చూసుకున్నాడు. "ఇక నా వల్ల కాదురా. నేనూ ముసలాణ్ణయ్యాను. అలిసిపోయాను." చెయ్యి చాపి, "లే. నన్ను కూడా లేపు," అన్నాడు.

ఒకరినొకరు పట్టుకుని లేచారు. హాల్లో ఇంకా ఎవరూ ముట్టని టీ పీపాలోంచి రోహన్ ఒక కప్పు నింపాడు, కేకు కోశాడు. చితికిన వేళ్ళతో పట్టుకుంటే సగం సాసర్లో ఒలికింది. నెవ్ రెండు చేతులతో అందుకుని, పగలని వైపు పెట్టుకుని తాగాడు. కన్నీళ్ళూ నెత్తురూ గడ్డం మీదుగా కప్పులోకే కారుతున్నాయి, అతను తుడుచుకోలేదు. బయట మొదటి గుంపును వదిలేశారు. నెవ్ కప్పు అడుగుదాకా తాగి, ఖాళీ కప్పు రోహన్ ముందు పెట్టాడు.

"ఇంకో కప్పు పొయ్యి," అన్నాడు.